జట్టుకు తగిన గురువు

మహదేవపూరు మండలములోని కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియును. వంతెన కట్టకపూర్వము ఆ రేవు దాటి ఆవలనున్న సిరోంచకు పోవలసినవారు పడవనే నమ్ముకొనువారు. పడవ ఎక్కుటకు ముందు వారు పడవ రంగును చూచెడివారు కారు; గెడ పట్టినవానిని చూచెడివారు. అతడు వేరొక ఏటిలో ఎంత పేరు పొందినవాడైనను, ఈ సంగమమున ఏ నెలలో ఏ ఇసుకమేట ఎటు జరుగునో, ప్రాణహిత పొంగినప్పుడు నీరు పడవను ఏ వైపునకు త్రోయునో ఎరుగనివాడైనచో, అతనిని నమ్మి బిడ్డలతో పడవ నెక్కుటకు ఎవ్వరును సాహసింపరు. అట్లని ఆ రేవున పుట్టినంత మాత్రముననే ప్రతివాడును గెడ పట్టుటకు తగినవాడు కాడు.

భారతదేశపు ఫుట్‌బాలు జట్టును నడుపు శిక్షకుని ఎన్నుకొనునపుడు పెద్దలు ఈపాటి వివేకమును చూపుచున్నారా అనునది విచారింపదగిన విషయము. 2025వ సంవత్సరమున ఆ పదవి ఖాళీ కాగా 170 మంది దరఖాస్తు పెట్టుకొనిరి. ఆ దినములలో పత్రికలయందును, ఆటను ప్రేమించువారి నడుమను జరిగిన చర్చ రెండు మూడు ప్రశ్నల చుట్టునే తిరిగెను. వచ్చువాడు విదేశీయుడా, స్వదేశీయుడా? దండించువాడా, లాలించువాడా? ఎదుటివారి గోలుపైకి దండెత్తించువాడా, మొదట తన గోలును కాపాడుకొమ్మనువాడా? ఈ ప్రశ్నలు వ్యర్థములని చెప్పరాదు. కాని వీనికన్న ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు. ఈ శిక్షకుడు ఎవరికి నేర్పవలసియున్నది? వారికి ఏమి వచ్చును, ఏమి రాదు? వైద్యుడు మందుల పెట్టె తెరచుటకు ముందు రోగి నాడి పట్టి చూచును గదా!

క్లబ్బు జట్టు శిక్షకునికిని, దేశపు జట్టు శిక్షకునికిని పని ఒక్కటి కాదు. క్లబ్బు శిక్షకుడు సంవత్సరములో అధికభాగము తన ఆటగాండ్రతోనే యుండును. ఉదయమున నేర్పినది సాయంకాలమున సరిదిద్దగలడు. ఎడమ ప్రక్క ఆడువాడు బలహీనుడైనచో, యజమానులకు చెప్పి మరియొకనిని డబ్బిచ్చి తెప్పించుకొనగలడు. దేశపు జట్టు శిక్షకునికి ఆ వెసులుబాటు లేదు. దేశములో ఎవరు గలరో వారినే ఏరుకొనవలెను. గాదెలో నున్న గింజలతోనే వంట చేయవలెను. ఆ ఆటగాండ్రయినను అతని చేతికి కొలదిదినములు మాత్రమే చిక్కుదురు. పోటీ ముగిసిన వెంటనే ఎవరి క్లబ్బునకు వారు మరలిపోవుదురు. కనుక ఒకచోట గొప్పగా నెగ్గిన పద్ధతి ఇంకొకచోట నెగ్గవలెనను నియమము లేదు.

ఈ భేదమునకు హైదరాబాదువారు కన్నులార చూచిన ఉదాహరణ మొకటి కలదు. స్పెయిను దేశీయుడగు మనోలో మార్కెజ్ హైదరాబాదు ఎఫ్.సి. జట్టునకు శిక్షకుడుగా నుండి, 2021-22 ఇండియన్ సూపర్ లీగులో ఆ జట్టును విజేతగా నిలిపెను. పిన్న వయస్సు ఆటగాండ్రను నమ్మి ఆడించుటలో ఆయన నేర్పరియని అందరును మెచ్చుకొనిరి. 2024 జూలైలో ఆయనను భారత జట్టునకు శిక్షకునిగా నియమించిరి. మొదటి పోటీలు ఆ సంవత్సరము సెప్టెంబరులో హైదరాబాదులోని గచ్చిబౌలి మైదానముననే జరిగెను. మారిషస్‌తో జరిగిన ఆటలో ఉభయపక్షములును గోలు చేయలేదు. సిరియా జట్టు మూడు గోలులతో మన జట్టును ఓడించెను. ఆయన నడిపిన ఎనిమిది ఆటలలో మాల్దీవులపై గెలిచిన దొక్కటే గెలుపు. మరుసటి సంవత్సరము జూలైలో ఆయన పదవిని విడిచెను. ఆయన విద్య ఏడాదిలో ఎక్కడికిని పోలేదు. ఒకే కాలమున గోవా క్లబ్బునకును, దేశమునకును శిక్షకుడుగా నుండుట రెండు పడవలపై కాళ్ళు పెట్టుట వంటిదని ఆయనను నియమించినవారు ముందే తలపవలసియుండెను.

తగిన గురువు ఎట్లుండునో తెలిసికొనుటకు దూరదేశముల చరిత్రలు వెదుకనక్కరలేదు. హైదరాబాదు నగరములోనే అట్టివాడొకడు బడిపంతులుగా జీవించెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909వ సంవత్సరమున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలగు పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1943 మొదలు మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండెను. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు రోవర్స్ కప్పును గెలిచెను. ఆ కప్పు పోటీలు బొంబాయిలో జరుగుచుండెడివి. ఆటకు పెట్టనికోటయని పేరుపొందిన కలకత్తా నుండి వచ్చిన పెద్ద క్లబ్బులు ఈ పోలీసువారిని చూచి జంకుచుండెడివి.

ఆయన నేర్పు విధానము బడిలో పాఠము చెప్పినట్లే యుండెడిది. పిల్లవాడు ఏ అక్షరమువద్ద తడబడుచున్నాడో కనిపెట్టి ఆ అక్షరమునే దిద్దించు పంతులువలె, ఆటగాండ్ర లోపములను కనిపెట్టి వానికి తగిన అభ్యాసములను కల్పించెను. ఆ కాలమున మన ఆటగాండ్రకు బంతిని కాళ్ళవద్దనే యుంచుకొని, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొనుచు పోవుట మిక్కిలి ఇష్టము. చూచువారు చప్పట్లు కొట్టుదురు గాని బంతి గోలు చేరదు. రహీం ఏమి చేసెను? అట్లు బంతిని పట్టుకొని తిరుగరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు పెట్టించెను. బంతి అందిన వెంటనే తోటివానికి అందించి తీరవలెను. కుడికాలితో మాత్రమే తన్నగలవారికి ఎడమకాలు పనికివచ్చునట్లు చేయుటకై, వాటముకాని కాలితోనే ఆడవలసిన పోటీలను నడిపించెను. ఇవి వినుటకు పిల్లల ఆటలవలె నుండును. ఒక్క సాయంకాలము ఎడమకాలితో మాత్రమే ఆడి చూచిన విద్యార్థికి వీని విలువ తెలియగలదు.

అమ్ముగూడ అనునది సికిందరాబాదు శివారున నున్న ఊరు. ఆ ఊరి బీదకుటుంబములో పుట్టిన తులసీదాస్ బలరాం అను బాలుని ఆట రహీం కంటబడెను. హైదరాబాదునకు అభ్యాసమునకు రమ్మనగా, రాకపోకలకు డబ్బు లేదని ఆ బాలుడు చెప్పెను. సైకిలు అద్దెకు కావలసిన పైకమును రహీం తానే ఇచ్చి రప్పించుకొనెను. ఆ బాలుడే తరువాత రెండు ఒలింపిక్ క్రీడలలో ఆడి, 1960లో రోము నగరమున హంగరీ పైనను, పెరూ పైనను గోలులు చేసెను. 2023లో ఆయన మరణించినపుడు దేశమంతట ఫుట్‌బాలు ప్రియులు దుఃఖించిరి. శిక్షకుని గుణములను ఎంచునప్పుడు ఈ సైకిలు అద్దె ఏ లెక్కలోనికిని రాదు. దరఖాస్తు కాగితములలో దానికి గడి యుండదు.

రహీం శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకమును గెలుచుకొనెను. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్ క్రీడలు వచ్చెను. ఆ చలిదేశమున, తడిసిన మైదానమున మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకయే యుగోస్లావియాను ఎదుర్కొనిరి. ఆ జట్టు పది గోలులు చేయగా మనవారు ఒక్కటి మాత్రము చేయగలిగిరి. పది గోలులు! ఇట్టి ఓటమి నేడు జరిగినచో శిక్షకుడు విమానము దిగకముందే అతని ఉద్యోగము పోయియుండును. వార్తలలో రాత్రింబవళ్ళు దూషణలు వినవచ్చును. ఆనాడు అట్లు జరుగలేదు. ఇకముందు బూట్లు ధరించియే ఆడవలెనని నియమము వచ్చెను. రహీం జట్టుతోనే యుండెను.

దాని ఫలము నాలుగు సంవత్సరములకు కనబడెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు ఆతిథ్యదేశమగు ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించెను. వానిలో మూడింటిని నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశము భారతదేశమే. అచ్చట తిరిగి యుగోస్లావియాయే ఎదురుపడి 4-1తో గెలిచెను. కడపట మనకు నాలుగవ స్థానము దక్కెను. తొమ్మిది గోలుల తేడా ఎక్కడ, నాలుగవ స్థానమెక్కడ! ఈ నడుమ రహీం చేసినది మంత్రమేమియు కాదు. హంగరీవారు మధ్య ఫార్వర్డును కొంత వెనుకకు దింపి ఎదుటివారి కాపుదలను చెదరగొట్టుచుండగా, ఆ పద్ధతిని పరిశీలించి మనవారికి అలవరచెను. మన ఆటగాండ్రు ఐరోపావారివలె దేహబలము గలవారు కారు. వేగముగా, చిన్నచిన్న అందింపులతో ఆడగలవారు. పరదేశపు పద్ధతిలో వారికి సరిపడు భాగమునే ఆయన గ్రహించెను. 1952లోనే ఆయనను తొలగించి వేరొకరిని తెచ్చియున్నచో ఆ క్రొత్తవాడు మరల అక్షరాభ్యాసమునుండి మొదలుపెట్టవలసి వచ్చియుండెడిది.

రహీం కఠినుడని ఆయనవద్ద ఆడినవారందరును చెప్పుదురు. అది నిజమే. వేళ తప్పుటను గాని, మాట మీరుటను గాని ఆయన సహింపడు. దీనినిబట్టి కఠినుడైన శిక్షకుడే కావలెనని కొందరు వాదింతురు. ఈ వాదము సగమే నిజము. కోపించుట ఎవరికైనను సాధ్యము. ఆయన ఎవరిని కోపించినను వారికి మనస్సు నొవ్వకుండుటకు కారణ మేమనగా, ఆయన తమలో ప్రతి యొక్కనిని ఎరుగునని వారికి తెలియును. 1960 రోము ఒలింపిక్ జట్టులో ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ నుండెను. కాని ఆ పోటీలలో హకీమునకు మైదానములో దిగు అవకాశము రాలేదు. తండ్రియే శిక్షకుడైనను కుమారుడు బయటనే కూర్చుండి చూచెను. తోటి ఆటగాండ్రకు ఇంతకన్న వేరే ఉపదేశ మేల? కఠినత్వము తనవారి విషయమున మొదట కనబడినచో పరులు దానిని న్యాయమని ఒప్పుకొందురు.

2024లో ఈయన జీవితమునుగూర్చి మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడెను. దానివలన ఆయన పేరు తెలియనివారికి తెలిసెను, అది మేలే. ఐనను చలనచిత్రమునకు ఉద్వేగము కావలెను. ఎడమకాలి పోటీలను, ప్రతి సాయంకాలమును ఒకే అభ్యాసమును వందసారులు చేయించుటను తెరపై ఎంతసేపు చూపగలరు?

ఇక స్వదేశీయుడా, విదేశీయుడా అను ప్రశ్న. రహీం స్వదేశీయుడు గనుక స్వదేశీయులే కావలెనని చెప్పుట తొందరపాటు. విదేశములనుండి వచ్చి మనకు మేలుచేసినవారు కలరు. యుగోస్లావియానుండి వచ్చిన మిలోవాన్ చిరిచ్ శిక్షణలో మన జట్టు 1984 ఆసియా కప్పునకు అర్హత పొందెను. ఇంగ్లండు దేశీయుడగు బాబ్ హౌటన్ నడిపిన జట్టు 2008లో ఆసియా ఛాలెంజ్ కప్పును గెలిచెను. ఆ పోటీలు మొదట హైదరాబాదులో ఆరంభమై, వర్షములవలన ఫైనలు ఢిల్లీకి మారెను. ఫైనలులో సునీల్ ఛెత్రీ మూడు గోలులు చేయగా తజికిస్థాన్ ఓడిపోయెను. ఆ విజయమువలననే 2011 ఆసియా కప్పులో మనకు చోటు దొరకెను. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ 2015లో రెండవసారి వచ్చినపుడు ప్రపంచ జట్ల వరుసలో మన స్థానము 170కి దిగువన నుండగా, 2017 నాటికి మొదటి వందలోనికి వచ్చెను. వీరికి మన భాష రాదు. రాకపోయినను మన ఆటగాండ్రను చదువగలిగిరి.

విదేశీయుడైన ఇగోర్ స్టిమాచ్ కథ వేరు. క్రొయేషియానుండి వచ్చిన ఆయన 2019 నుండి 2024 వరకు ఐదు సంవత్సరములు శిక్షకుడుగా నుండెను. 2023లో మన జట్టు దక్షిణాసియా పోటీలను గెలిచి, ప్రపంచ వరుసలో 99వ స్థానమున నిలిచెను. మరుసటి జనవరిలో ఆసియా కప్పున ఆడిన మూడాటలును ఓడెను. ఒక్క గోలైనను చేయలేకపోయెను. జట్టును కూర్చుకొనుటకు తగినన్ని దినములు ఇచ్చుట లేదని ఆయన పలుమారు మొరపెట్టుకొనెను. ఆ మొరలో సత్యము లేకపోలేదు. కాని కాలము చిక్కినంత మాత్రముననే అంతయు చక్కబడునని తలచువారు కూడ ఈ కథను మరువరాదు. శిక్షకునికి సంవత్సరములు ఇచ్చి దినములు ఇయ్యకపోవుట పొలము కౌలునకిచ్చి నీరు పారనీయక పోవుటవంటిది.

2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ నియుక్తుడయ్యెను. అంతకుముందు పదమూడు సంవత్సరములుగా ఏ భారతీయునికిని ఆ పదవి పూర్తిగా అప్పగింపబడలేదు. దేశీయ క్లబ్బులలో దిగువ మెట్టునుండి పైకి వచ్చినవాడు. మన ఆటగాండ్ర బలాబలములు ఎరిగినవాడు. మొదటి నెలలోనే మధ్య ఆసియా జట్ల పోటీలో ఒమాన్‌ను ఓడించి మన జట్టు మూడవ స్థానము పొందగా అందరును సంతోషించిరి. అక్టోబరులో మడగాములో సింగపూరు చేతిలో 1-2 తేడాతో ఓడుటతో 2027 ఆసియా కప్పునకు దారి మూసికొనిపోయెను. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోను ఓటమి కలిగెను. సెప్టెంబరులో పొగడిన నోళ్ళే నవంబరున తెగడెను. రెండు మూడు నెలలలో ఏ గురువును ఏ శిష్యుని తీర్చగలడు? స్వదేశీయుడని నెత్తిన పెట్టుకొనుటయు, ఓడినాడని క్రింద పడవేయుటయు రెండును ఒకే తొందరపాటునుండి పుట్టినవి.

పెద్దలు చేయవలసిన పని కష్టమైనదే గాని తెలియనిది కాదు. దరఖాస్తులను విప్పుటకు ముందు ఒక నెల ఆటగాండ్రను పరిశీలింపవలెను. ఛెత్రీ వంటివాడు వయసు మీరినపిదప గోలు చేయువాడు లేని జట్టునకు, మొదట గోలు కొట్టుట నేర్పగలవాడు కావలెను గాని, కాపుదలలో ప్రవీణుడని పేరుపడినవాడు కాదు. అట్టివాడు గోవాలో దొరకినను, గ్రీసులో దొరకినను తీసికొనవచ్చును. అతనికి పెద్దల జట్టుతోపాటు బాలుర జట్లపైనను అధికార మీయవలెను. ఏలయన పెద్దవారి వాటము మార్చుట దుస్సాధ్యము. రహీం హైదరాబాదులో చేసినది ఇదియే. సంఘపు కార్యదర్శి ఆయనే, పోటీలను నడుపువాడు ఆయనే, పోలీసు జట్టు గురువు ఆయనే. అందుచేత పదునాలుగేండ్ల పిల్లవాడు పంతొమ్మిదేండ్లకు ఎట్లుండునో ఆయనకు ముందే తెలియుచుండెను. ఒక్కని చేత ఇంత అధికారము పెట్టుట ప్రమాదమని ఎవరైనను అనవచ్చును. ఆ మాట త్రోసిపుచ్చరానిది. అధికారము చెడ్డవాని చేతబడినచో చెడుపు కూడ అంతే పెద్దదగును.

పల్లెల మాట కూడ ఇచ్చట తలపవలసియున్నది. నిజామాబాదు జిల్లా తండా బిడ్డయగు గుగులోత్ సౌమ్య దేశపు మహిళా జట్టులో ఆడినది. అట్టి బిడ్డలు ఇంక ఎందరు గలరో చూచుటకు పోవువా రెవరు? అమ్ముగూడ బాలునికి సైకిలు అద్దె చాలెను. మహదేవపూరునుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. సైకిలుతో తీరునది కాదు. పాఠశాల ఆటస్థలమున మధ్యాహ్నపు ఎండలో బంతి తన్నుకొను పిల్లవానిలో ఏమున్నదో కనుగొనుటకు, దేశపు జట్టు శిక్షకుడు తాను రాలేకపోయినను, రాదగినవారిని పంపువాడై యుండవలెను. పెద్ద పెద్ద మైదానములలో జరుగు ఆటలను మాత్రమే చూచి జట్టును ఎన్నుకొనువానికి ఈ పిల్లవాడు ఎన్నటికిని కనబడడు.

రహీం కడపటి జట్టు 1962లో జకార్తాలో ఆసియా క్రీడలకు పోయెను. అప్పటికే ఆయనను క్యాన్సరు వ్యాధి పట్టి పీడించుచుండెను. మొదటి ఆటలో దక్షిణ కొరియా 2-0తో మనవారిని ఓడించెను. థాయిలాండుతో జరిగిన ఆటలో మన ఫుల్‌బ్యాకు జర్నైల్ సింగ్ తలకు గాయము తగిలి కుట్లు పడెను. గాయపడినవానిని వెనుక ఆడించుట కష్టము. జట్టునుండి తీసివేయుట అంతకన్న నష్టము. రహీం అతనిని ముందు వరుసలో మధ్య ఫార్వర్డుగా నిలిపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై జర్నైల్ గోలు చేసెను. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలులో తిరిగి దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. రాజకీయ కారణములవలన ప్రేక్షకులు మనపై ఆగ్రహించియుండిరి; మైదానమంతయు ఈలలతో నిండిపోయెను. ఆ కేకల నడుమ పి.కె. బెనర్జీ మొదటి గోలును, తలకు కట్టుతో నున్న జర్నైల్ రెండవ గోలును చేసిరి. భారతదేశము 2-1తో గెలిచెను. ఆ కట్టు కట్టిన తల ముందు వరుసలో పనికివచ్చునని ఏ గ్రంథమును చూచి రహీం తెలిసికొనలేదు. అతనిని చాలకాలముగా ఎరిగియుండెను; అంతే.

1963 జూన్ 11వ తేదీన రహీం మరణించెను. మరుసటి సంవత్సరము ఇజ్రాయెలులో జరిగిన ఆసియా కప్పునకు భారత జట్టును ఇంగ్లండునుండి వచ్చిన హ్యారీ రైట్ నడిపెను. ఆ జట్టు రెండవ స్థానము పొందెను. అందు ఆడినవారిలో పలువురు జకార్తాలో రహీం ఆడించినవారే.